కాచింది వేరు, కలిపింది వేరు

మా మామగారు పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం, వీధిలో పాలవాళ్ళు తిరిగే వేళకు ఊపిరి ఆగింది. కబురు హైస్కూలుకు చేరగానే అక్కడి గుమాస్తా తరగతి తరగతికీ వెళ్ళి, "పెద్ద ఇంగ్లీషు మేష్టారు ఎక్స్‌పైర్ అయ్యారు, మీకు సెలవు" అని చెప్పాడట. పరామర్శకు వచ్చిన పిల్లలు ఆ సంగతి చెబుతుంటే, ఏడుస్తున్నదాన్ని ఠక్కున ఆగి లోపలి గదివైపు చూశాను. "ఎక్స్‌పైర్ అయ్యేది తుపాకీ లైసెన్సురా! మనిషి చచ్చిపోతాడు. చచ్చిపోయాడని చెప్పడానికే భయమైతే నువ్వేం చదువుకున్నట్టు?" అని ఆయన అక్కణ్ణించి కేక వేస్తారేమోనని. చేతనైతే తన చావు కబురును కూడా దిద్ది పంపి ఉండేవారు.

ఇది గొప్పగా చెబుతున్న మాట కాదు. విసిగి చెబుతున్న మాట. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో నా నోటి నుంచి వచ్చిన ఏ మాటా దెబ్బ తినకుండా గడప దాటలేదు. పోయినవాళ్ళను గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కాని మా మామగారి మంచీ, ఆయన పెట్టిన విసుగూ ఒకే గుంజకు కట్టేసిన రెండు ఎద్దుల వంటివి. ఒకదాన్ని విప్పి తోలుకొద్దామంటే రెండోది కొమ్ములు విసురుతుంది. అందుకని రెంటినీ కలిపే చెబుతాను, చదివేవాళ్ళు ఏమీ అనుకోకండి.

ఆయన నరసరావుపేట హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. వాళ్ళది వ్యవసాయ కుటుంబం. నాగలి వదిలి పుస్తకం పట్టినవాడు ఆ ఇంటి మొత్తానికి ఆయనే మొదలు. రిటైరయినా మూసిన గొడుగు చంకలో పెట్టుకుని రోజూ స్కూలు దాకా నడిచి, గేటు దగ్గర నిలబడి, లోపల కొత్త మేష్టారు పాఠం చెబుతుంటే వినేవారు. ఆ కొత్త మేష్టారు ఒకసారి మా ఇంటికి వచ్చి, "అమ్మా, మీ మామగారిని మా గేటు దగ్గరికి రావద్దని చెప్పండి, నాకు చెమటలు పోస్తున్నాయి" అని బతిమాలుకున్నాడు. చెప్పాను. "పాఠం సరిగా చెబితే చెమట ఎందుకు పడుతుంది?" అన్నారు. మరునాడు మళ్ళీ వెళ్ళారు.

మా అత్తగారు నేను రాకముందే పోయారు. ఉన్నది ఒక్కడే కొడుకు, మా ఆయన. ఆయన మేజిస్ట్రేటు కోర్టులో గుమాస్తా. కాబట్టి ఆ ఇంట్లో మాటలు ఏరుకునే మనిషి ఒకరు, ఏరించుకునే మనుషులం ఇద్దరం.

మా పుట్టిల్లు అచ్చంపేట వైపు పల్లె. పొద్దున్నే మజ్జిగ తాగడం తప్ప కాఫీ ఎట్లా ఉంటుందో మాకు తెలియదు. ఇక్కడికి వచ్చాక గింజలు వేయించడం, పొడి కొట్టడం, ఇత్తడి గిన్నెలో మరగబెట్టి గుడ్డలో వడగట్టడం పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. మొదటిరోజు గ్లాసు తీసుకువెళ్ళి ఆయన ముందు పెట్టి, "డికాషన్ కొంచెం చిక్కగా వచ్చింది మామయ్యా" అన్నాను.

"ఏం వచ్చింది?"

"డికాషన్."

"డికాక్షన్ అమ్మాయ్. మధ్యలో ఒక 'క్' ఉంది. అది నీకేం అపకారం చేసిందని మింగేశావు?"

ఊరు ఊరంతా డికాషన్ అంటుంది. కాఫీ హోటలు యజమాని అంటాడు, తాసీల్దారుగారి భార్య అంటుంది. అందరూ మింగిన 'క్' నేనొక్కదాన్నే కక్కాలి. పంటి బిగువున అలవాటు చేసుకున్నాను. ఆ తరువాత పేరంటాలకు వెళ్ళి "డికాక్షన్" అంటే ఆడవాళ్ళు నా మొహం వంక చూసి నవ్వేవారు. ఇంట్లో అట్లా, బయట ఇట్లా.

ఇంతలో యుద్ధం వచ్చింది. కాఫీ గింజలు దొరకవు, పంచదార దొరకదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు కాచుకునేవారు. నేను కొంచెం కాఫీపొడిలో వేయించిన శనగలూ, చింతగింజల పొడీ కలిపి, బెల్లం వేసి పెట్టాను. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు.

"అమ్మాయ్, ఇది డికాక్షన్ కాదు."

"క్ అన్నాను గదా మామయ్యా!"

"క్ ఉంది. కాని ఇది డికాక్షన్ కాదు, కంకాక్షన్."

"అదేంది మళ్ళీ?"

ఆయన మొహం వెలిగింది. ఎవరైనా 'అదేంది' అంటే చాలు, ఆయనకు పండగే. నేను పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చానని చెప్పినా వినకుండా కూర్చోబెట్టి చెప్పారు. ఆ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలట. లాటిన్ అనే పాత భాషలో వండటం అనే మాటకు పుట్టాయట. ఒకటి నీళ్ళలో వేసి మరగకాచి సారం దించేది. మన కషాయం అదే. రెండోది నాలుగు రకాలూ తెచ్చి కలిపేది. ఆ కలపడంలో కొంచెం కల్పన కూడా ఉందట. లేనిపోని కథ అల్లి చెబితే దానికి కూడా ఇంగ్లీషువాళ్ళు ఆ రెండో మాటే వాడతారట.

"కాచింది వేరు, కలిపింది వేరు. కాచినదాంట్లో ఏముందో కాచినవాడికి తెలుస్తుంది. కలిపినదాంట్లో ఏముందో కలిపినవాడు చెప్పాలి" అన్నారు.

"ఏదైతే ఏంది మామయ్యా, వేడిగా ఉందా లేదా?"

"వేడిగానే ఉంది. పేరే తప్పు."

అన్నం అడుగంటింది. ఆ మాడు వాసన ఇప్పటికీ నాకు ఆ రెండు మాటలతో పాటే గుర్తుంది.

మా ఆయన సంగతి చెప్పాలి. తండ్రి నీడలో పెరిగిన పిల్లవాడు ఇంగ్లీషులో పండితుడవుతాడని ఊళ్ళో అనుకునేవారు. ఆయన ఇంట్లో ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా మాట్లాడేవారు కాదు. ఆయన తెలివిగలవాడే. కాకపోతే నోరు తెరిస్తే దిద్దుబాటు వచ్చి పడుతుందని చిన్నప్పుడే నోరు కట్టేసుకున్నారు. కోర్టు ఒక్కటే ఆయనకు నాన్న లేని చోటు. అక్కడ ఆయన ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతారని వకీళ్ళు చెబితే నేను నమ్మలేదు. మలబారు వైపు నుంచి ఒక మేజిస్ట్రేటు వచ్చి, ఆయనకు తెలుగు అంతంతమాత్రం కావడంతో, సాక్షుల మాటలను ఇంగ్లీషులో చెప్పే పని మా ఆయనకు అప్పగించారు. ఆ రోజు ఆయన ఇంటికి వచ్చి మల్లెపూలు నా చేతిలో పెట్టి, "నాన్నకు చెప్పకు" అన్నారు. మల్లెపూల సంగతో, పని సంగతో నాకు అర్థం కాలేదు. రెండూ చెప్పలేదు.

మా సందు చివర ఒక ముసలామె ఉండేది. ఊరంతా కషాయం అవ్వ అనేవాళ్ళం. నూజెండ్ల వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడింది. దగ్గుకూ, జలుబుకూ, పురిటి ఇళ్ళకూ కషాయాలు కాచి ఇచ్చేది. మా పెద్దపిల్ల పుట్టినప్పుడు నన్ను కనిపెట్టుకుని ఉన్నది ఆమే. ఒక పల్లె నుంచి బండి కట్టించుకుని వచ్చిన ఒక పెద్ద రైతు కొడుకు, తండ్రికి దగ్గని చెప్పి ఆమె దగ్గర కషాయం పట్టుకెళ్ళాడు. అది తాగిన ముసలాయన వాంతులతో, కడుపునొప్పితో చావుకు దగ్గర పడి, ఎట్లాగో బతికాడు. అవ్వ విషం పెట్టిందని కొడుకు ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు వచ్చి అవ్వను పొయ్యి దగ్గర నుంచి తీసుకుపోయారు.

మా మామగారు ఆ సాయంత్రమే వెళ్ళి జామీను నిలబడ్డారు. ఎవరూ అడగలేదు, ఎవరితోనూ చెప్పలేదు. తిరిగి వచ్చి, "ఆ సబ్ ఇన్‌స్పెక్టరు 'జామీనుదారు'కు బదులు 'జమీందారు' అని రాశాడు, దిద్ది వచ్చాను" అన్నారు. ఆయన చేసిన ఉపకారం నాకు ఆ దిద్దుబాటు వెనకాల నుంచి తెలిసింది.

వాయిదా రోజున అవ్వ నా చెయ్యి పట్టుకుని, "నువ్వూ రామ్మా. ఆ మగోళ్ళ మధ్యన నేనొక్కదాన్నే ఎట్టా నిలబడేది" అంది. మామగారు "పద" అన్నారు. ఆ రోజుల్లో కోడలిని కోర్టుకు తీసుకువెళ్ళిన మామగారు మా సందులో ఇంకొకరు లేరు. హాల్లో వెనక బల్ల మీద నేనూ ఆయనా కూర్చున్నాం. ముందు మేజిస్ట్రేటుగారు, ఆయన పక్కన నిలబడి మా ఆయన. ఇంట్లో నేను చూసిన మనిషి కాదు. మెడ నిటారుగా, గొంతు గట్టిగా, తడబాటు లేకుండా ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. నాకు అర్థం కాకపోయినా చెవులకు హాయిగా ఉంది. మామగారు కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆయన పెదవుల చివర చిన్న నవ్వు కూడా చూశాను. ఆ నవ్వు అక్కడే ఆగి ఉంటే ఎంత బాగుండేది!

అవ్వను నిలబెట్టి, ఆ రోజు ఏమిచ్చావని అడిగారు.

"ఏమిచ్చేదయ్యా, దగ్గుకు కషాయం. శొంఠీ, మిరియాలూ, పిప్పళ్ళూ దంచి, నీళ్ళల్లో ఏసి, సగం ఇగిరిందాకా కాచి ఇచ్చా. అందరికీ ఇచ్చేదే ఆయనకూ ఇచ్చా."

మా ఆయన మేజిస్ట్రేటువైపు తిరిగి ఇంగ్లీషులో గబగబా చెప్పారు. ఆ మాటల మధ్యలో ఒక మాట నాకు స్పష్టంగా వినబడింది. కంకాక్షన్. ఆ హాలులో దొర్లిన ఇంగ్లీషు మొత్తం మీద నాకు అర్థమయ్యే మాట అదొక్కటే. మా వంటింటి మాట. నా గుండె జారిపోయింది. అవ్వ కోసం కాదు, అప్పటికింకా అవ్వకు దానివల్ల ఏమవుతుందో నాకు తట్టలేదు. పక్కన ఉన్న మనిషి కోసం. చప్పున ఆయన కండువా చెంగు పట్టుకున్నాను. చెంగు నా చేతిలో ఉండిపోయింది, ఆయన లేచి నిలబడ్డారు.

అప్పటికే ఫిర్యాది తరఫు వకీలు అందుకున్నాడు. చూశారా, ఏవేవో కలిపి తయారుచేశానని ముద్దాయే ఒప్పుకుంటున్నది అని. మేజిస్ట్రేటు రాసుకోబోతున్నారు.

"అయ్యా, ఆమె అన్నది అది కాదు" అన్నారు మామగారు, ఇంగ్లీషులో. ఇంగ్లీషులో జరిగిన ఆ సంభాషణంతా ఆయనే తరువాత నాకు పూసగుచ్చినట్టు చెప్పారు. నేను నిద్రలో లేపినా అప్పజెప్పగలిగినన్ని సార్లు చెప్పారు.

బంట్రోతు "సైలెన్స్" అని అరిచాడు. మేజిస్ట్రేటు కళ్ళజోడు సర్దుకుని, "మీరెవరు?" అన్నారు.

"ముద్దాయికి జామీను ఉన్నవాణ్ణి. ఈ ఊళ్ళో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి."

"మా గుమాస్తాకు కూడా మీరే చెప్పారా?"

"బళ్ళోనూ చెప్పాను, ఇంట్లోనూ చెప్పాను. వాడు నా కొడుకు."

హాలంతా నవ్వింది. వకీళ్ళు నవ్వారు, బంట్రోతు నవ్వాడు. మా ఆయన మొహం నేను చూడలేక తల వంచుకున్నాను. మళ్ళీ చూసేసరికి ఆ నిటారైన మెడ పోయింది. పలక పట్టుకుని గోడవారగా నిలబడిన పిల్లవాడు కనబడ్డాడు.

మామగారు ఇవేమీ చూడలేదు. రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలని మొదలుపెట్టారు. లాటిన్ దాకా వెళ్ళారు. మేజిస్ట్రేటు కలం కింద పెట్టారు. బోనులో నిలబడ్డ అవ్వకు కాళ్ళు పీకుతున్నాయి.

"ఏంది మేష్టారూ ఆ గొడవ? నన్ను ఇంటికి పంపిస్తరా, లోపల ఏయిస్తరా?" అంది.

"నీ కోసమేనమ్మా చెబుతున్నది" అన్నారు ఈయన.

"నా కోసమైతే కాస్త తక్కువ చెప్పు నాయనా!"

చివరికి మేజిస్ట్రేటు, "ఇక చాలు, కూర్చోండి" అన్నారు. కూర్చున్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపల మళ్ళీ లేచి "ఇంకొక్క మాట" అన్నారు. బంట్రోతును పిలిచి ఆయన్ని బయటికి పంపించేశారు. వెళుతున్న మనిషి వెళ్ళక, వరండా కిటికీ దగ్గర ఆగి, ఊచలు పట్టుకుని లోపలికి కేక వేశారు.

"ఆమె కాచింది! కలిపింది ఎవరో అడగండి!"

ఆయనకు ఏదో తెలిసి అలా అన్నారని తరువాత ఊళ్ళో చెప్పుకున్నారు. ఆయనకేమీ తెలియదు. ఆయన ఒక మాటను చక్కబెడుతున్నారు, అంతే. కాని మేజిస్ట్రేటు కాసేపు ఆ కిటికీవైపే చూసి, రైతు కొడుకును పిలిచి నిలబెట్టమన్నారు. ఆ కషాయంలో ఇంకేమైనా కలిపారా అని అడగమన్నారు. ఆ ప్రశ్నను తెలుగులో అడగవలసింది మా ఆయనే. అడిగారు.

ఆ కొడుకు తడుముకోకుండా చెప్పాడు. "కారంగా ఉందని మా నాయన మింగలేదయ్యా. ఆస్పత్రోళ్ళిచ్చిన మందు కూడా తాగాల్సిందే గదా, రెండుసార్లు ఎందుకు బాధపెట్టటమని రెండూ కలిపి ఒక్కసారే పట్టించా."

"ఏ మందు?"

"సీసా మందు. రెండు సీసాలు ఇచ్చారు. అందులో ఒకటి."

తరువాతి వాయిదాకు ఆ సీసా తెప్పించారు. అది కీళ్ళనొప్పులకు పైన రుద్దుకోమని ఇచ్చింది. ఆ కొడుకు మొహం చూస్తే జాలేసింది. ఎవరినీ చంపాలని కాదు, తండ్రికి ఒక గుటక తగ్గిద్దామనుకున్నాడు. తండ్రి గిలగిల కొట్టుకుంటుంటే భయపడి, ఆ భయం తీసుకువెళ్ళి అవ్వ గుమ్మంలో పడేశాడు. కేసు కొట్టేశారు. అవ్వ ఇంటికి వచ్చి పొయ్యి అలుక్కుంది.

మా ఇంట్లో పొయ్యి మాత్రం ఆరిపోయినట్టే. మా ఆయన తండ్రితో మాట మానేశారు. ఒక గదిలో ఒకరు, ఇంకో గదిలో ఒకరు. మధ్యలో నేను.

"అమ్మాయ్, వాడికి చెప్పు. తప్పు పలకడం నేరం కాదు. దిద్దుకోకపోవడమే నేరం."

"ఆయనకు చెప్పు. ఇంటికి వచ్చాక చెప్పి ఉంటే నేనే వెళ్ళి దిద్దుకునేవాణ్ణి."

"వాడికి చెప్పు. ఇంటికి వచ్చేసరికి అవ్వ జైల్లో ఉండేది."

"ఆయనకు చెప్పు. వాడు నా కొడుకని అంతమందిలో చెప్పాల్సిన పని లేదు."

"మేజిస్ట్రేటు అడిగాడు. అబద్ధం చెప్పనా?"

గుమ్మంలో నిలబడి అటూ ఇటూ తల తిప్పీ తిప్పీ నాకు మెడ నొప్పి పుట్టింది. ఇద్దరూ చెప్పేదీ నిజమే. ఇద్దరి నిజాలూ ఒక ఇంట్లో పట్టవు. చివరకు చేతిలో ఉన్న జల్లెడ నేలకేసి కొట్టి, "మీ ఇద్దరికీ చెవులున్నయ్యి, మీ ఇద్దరికీ నోళ్ళున్నయ్యి. నా మీద బండి తోలతారెందుకు?" అని అరిచాను. కాపురానికి వచ్చాక నేను అరవడం అదే మొదలు. మామగారు నెమ్మదిగా, "నా మీద కాదమ్మాయ్, నా మీదుగా" అన్నారు. ఆ జల్లెడ ఆయన మీదకే విసరలేదంటే అది నా పుట్టింటివాళ్ళ పెంపకం.

నెల తిరగకుండా మా ఆయనకు గురజాల బదిలీ అయింది. అది శిక్ష అని ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు. మామగారు ఇల్లు కదలరు. ఆయనకు వండిపెట్టేవాళ్ళు కావాలి. మా ఆయన గురజాలలో గది తీసుకుని హోటల్లో తిన్నారు, నేను పెద్దపిల్లతో ఇక్కడ ఉండిపోయాను. అవ్వ వచ్చి కూర్చుని, "నా ఒక్కదాని కోసం మీ ఇల్లు రెండు ముక్కలైంది గదమ్మా" అని కళ్ళు తుడుచుకుంది. తరువాత గొంతు తగ్గించి, "చానా మంచోడు మీ మామ. కాకపోతే ఆయన్ను భరించేదానికి ఇంకా ఏ కషాయమూ పుట్టలా" అంది. అంత దుఃఖంలోనూ నవ్వాను.

ఆయన ఎప్పుడైనా నొచ్చుకున్నారా అని చాలామంది నన్ను అడిగారు. నోటితో చెప్పలేదు. కాని ఆ కాలమంతా నా మాటలు దిద్దడం మానేశారు. ఒకరోజు కావాలనే "డికాషన్" అన్నాను. గ్లాసు అందుకున్నారు, తాగారు, గ్లాసు ఇచ్చేశారు. నాకు భయం వేసింది. తిట్టే మనిషి తిట్టడం మానేస్తే ఇల్లు ఎంత బావురుమంటుందో అప్పుడు తెలిసింది.

తరువాత ఒక ఉదయం కోటు తొడుక్కుని, "పదమ్మాయ్, గురజాల వెళదాం" అన్నారు.

"ఎందుకు?"

"వాడు హోటల్లో ఏం తింటున్నాడో చూద్దాం."

ఆయన దారి కోర్టుకేనని నాకు తెలుసు. నోరు తెరవనని నా చేతిలో చెయ్యి వేయించుకుని మరీ బయలుదేరాను. యుద్ధం రోజుల బొగ్గు బస్సు. వెనకాల పొయ్యి, ఊపిరాడని పొగ, ప్రతి ఎత్తు దగ్గరా దిగి నడవడం. పిడుగురాళ్ళ దాటేసరికి ఆయన తెల్లటి తలపాగా బూడిదరంగుకు తిరిగింది. గురజాలలో దిగి మొహం కూడా కడుక్కోకుండా నేరుగా కోర్టుకే నడిచారు. నేను పిల్లతో వరండాలో, కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన లోపల వెనక బల్ల మీద కూర్చున్నారు. మా ఆయన తండ్రిని చూశారు. చూసి, కాగితాల వైపు తల వంచుకున్నారు. అక్కడి మేజిస్ట్రేటు అరవాయన. మళ్ళీ అదే పని మా ఆయన మీద పడింది.

ఏదో పొలం గట్టు తగాదా. సాక్షి ఒక నడివయసు రైతు. ముద్దాయి ఆ రోజు ఎట్లా ఉన్నాడని అడిగితే, "ఆయనకు కడుపుమంటండీ, ఎప్పటి నుంచో" అన్నాడు. మా ఆయన మేజిస్ట్రేటు వైపు తిరిగారు. నోరు తెరిచారు. ఆగారు. కిటికీ లోంచి నేను మామగారిని చూశాను. కండువా ఉండ చుట్టి రెండు చేతులతో నోటికి అడ్డం పెట్టుకున్నారు. కళ్ళు మాత్రం కొడుకు మీదనే ఉన్నాయి.

మా ఆయన మేజిస్ట్రేటును ఏదో అడిగి, సాక్షివైపు తిరిగి నెమ్మదిగా అన్నారు. "పెద్దాయనా, కడుపులో మంటా? ఇంకొకరి మీద మంటా? ఏది చెబుతున్నావు?"

"కడుపులో మంటయితే కోర్టుకెందుకొస్తాడయ్యా, ఆస్పత్రికి పోతాడు గాని! పక్కోళ్ళ చేను పండిందని మంట."

అప్పుడు ఇంగ్లీషులో చెప్పారు. మామగారి చేతులు నోటి మీద నుంచి ఒళ్ళోకి జారాయి.

సాయంత్రం ముగ్గురం కోర్టు ఎదుటి హోటల్లో బల్ల చుట్టూ కూర్చున్నాం. పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది. ఈసారి నేను మధ్యవర్తిత్వం చెయ్యదలచుకోలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. చివరికి మా ఆయనే, గ్లాసు వంక చూస్తూ, "ఆ కడుపుమంటకు మీరైతే ఏమనేవారు నాన్నా?" అన్నారు.

"నువ్వన్నదే."

మా ఆయన తలెత్తారు. జన్మలో ఆ మాట విని ఉండరు. మామగారు ఒక గుక్క తాగి, "ఉచ్చారణ కొంచెం..." అన్నారు.

"మామయ్యా!" అన్నాను.

ఆగిపోయారు. మా ఆయన నవ్వు మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ కాస్త నవ్వు కోసం ఇన్ని నెలలూ, ఇంత పొగా తాగాలా అని ఒకపక్క ఒళ్ళు మండుతూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో మామగారు చీకటి పడుతున్న చేల వంక చూస్తూ అన్నారు. "ఆ రోజు నేను కూర్చుని ఉంటే వాడు తనే దిద్దుకునేవాడేమో అమ్మాయ్."

"ఏమో మామయ్యా."

"దిద్దుకోకపోయి ఉంటే?"

నేను పిల్ల మీద కొంగు కప్పాను. ఇప్పుడు ఆ ప్రశ్న నాకే వదిలి ఆయన పోయారు. అదీ ఆయన పద్ధతే. పరీక్ష పెట్టి జవాబు చెప్పకుండా గంట కొట్టించడం.

యుద్ధం అయ్యాక మా ఆయన నరసరావుపేటకు తిరిగి వచ్చారు. స్వరాజ్యం వచ్చాక ఎవరో, "ఇక మీ ఇంగ్లీషుతో పనేముంది మేష్టారూ?" అంటే, "దొరలతో పాటు ఓడ ఎక్కింది దొరతనం. మాటలు ఇక్కడే దిగిపోయాయి. తిండి పెట్టి పోషించాల్సిందే" అన్నారు. దిద్దుబాటు మళ్ళీ మొదలైంది. మేమిద్దరం మళ్ళీ విసుక్కోవడం మొదలుపెట్టాం. ఇల్లు ఇల్లులా ఉంది.

కిందటి చలికాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. అన్ని మాటలున్న మనిషికి ఒక్క మాట దక్కలేదు. దేవుడి మీద నాకు వచ్చినంత కోపం మనిషి మీద ఎన్నడూ రాలేదు. ఇంత వెటకారం చేస్తాడా! డాక్టరు వచ్చి చూసి, అర్థమవుతుంది కాని చెప్పలేరు అన్నాడు. ఆయనకేం కావాలో మేం కనిపెట్టలేకపోతే ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టేవారు. దుప్పటి కావాలంటే దిండు తెచ్చేదాన్ని. మంచినీళ్ళు కావాలంటే కిటికీ తెరిచేదాన్ని. ఆ కళ్ళలో ఆ పాత చిరాకు చూసి, నేను పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చేదాన్ని.

మా రెండో పిల్లకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. అది ఆయన మంచం దిగేది కాదు. ఆయన ఏది చూపిస్తే దానికి ఒక పేరు చెప్పేది. గొడుగును కర్ర అనేది. కళ్ళజోడును కన్ను అనేది. ఆయన తల అడ్డంగా తిప్పేవారు. అది ఇంకో పేరు చెప్పేది. సరిగ్గా చెప్పేదాకా వదిలేవారు కాదు. ఆ పిల్లా వదిలేది కాదు.

పోవడానికి కొద్దిరోజుల ముందు, సాయంత్రం. కిటికీ అవతల పత్తి బండ్లు వరసగా మిల్లుకు వెళుతున్నాయి. గాలి ఎక్కువగా ఉంది. గోనె బోరాల చిరుగుల్లోంచి పత్తి పింజలు లేచి వీధంతా తేలుతున్నాయి. కొన్ని కిటికీలోంచి గదిలోకి కూడా వచ్చాయి. ఆయన ఎడమచెయ్యి ఎత్తి వాటిని చూపించారు.

"పిట్టలు" అంది పిల్ల.

నేను గుమ్మంలో ఆగాను. ఇక తల అడ్డంగా తిరుగుతుంది, పత్తి అనేదాకా ఇద్దరూ నిద్రపోరు అనుకున్నాను. ఆయన ఆ పింజల వంక చూశారు. పిల్ల వంక చూశారు. మళ్ళీ పింజల వంక చాలాసేపు చూశారు. తరువాత మెల్లగా, పైకీ కిందికీ, అవునని తల ఊపారు. ఒక పింజ వచ్చి ఆయన దుప్పటి మీద వాలింది. అది ఎగిరిపోకుండా పిల్ల దాని చుట్టూ రెండు అరచేతులూ అడ్డం పెట్టి కూర్చుంది.